కొడుక్కి 18 నిండగానే సెలెక్టివ్ సర్వీస్ ఉత్తరం వచ్చింది. రిజిస్టర్ చేయించాలా?

భీమవరం కోడలు, ఫ్రిస్కో, టెక్సస్

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి రాయక తప్పడం లేదు.

మా వాడికి పోయిన నెల 18 నిండాయి. పుట్టింది ఇక్కడే, డాలస్‌లో. నిన్న మెయిల్‌బాక్స్‌లో కూపన్ల కట్టకీ డెంటిస్ట్ బిల్లుకీ మధ్య వాడి పేరు మీద ఒక కవరు కనిపించింది. పైన సెలెక్టివ్ సర్వీస్ సిస్టమ్ అని ఉంది, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి మగపిల్లల పేర్ల జాబితా ఉంచే ప్రభుత్వ ఆఫీసు. మీరింకా నమోదు చేసుకున్నట్టు మా రికార్డుల్లో లేదు, చట్టప్రకారం చేసుకోవాలి అని లోపల రాశారు. చేసుకోకపోతే ఏమవుతుందో కూడా రాశారు. ఐదేళ్ల జైలు, 250,000 డాలర్ల జరిమానా. ఆ అంకె చూశాక మిగతాది ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు.

మా ఆయన్ని అడిగితే మీటింగులో ఉండి మ్యూట్ తీయకుండానే చేత్తో సైగ చేశారు, చేసెయ్ అని. వాడినడిగితే "అమ్మా, అందరూ చేస్తారు, చిల్" అన్నాడు. వాడికి అన్నీ చిల్లే. ఇంతలో మా మరిది ఫ్యామిలీ గ్రూపులో ఒకటి ఫార్వర్డ్ చేశాడు. అమెరికాలో కొత్త చట్టం వచ్చిందట, డిసెంబర్ నుంచి మగపిల్లలందరినీ వాళ్లంతట వాళ్లే ఆర్మీలోకి లాగేసుకుంటారట. అది చూసి మా అత్తగారు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఒక్కగానొక్క మనవడు, ఇక్కడికి పంపించెయ్, ఇంజనీరింగ్ సీటు నేను కొనిపెడతాను అంటారు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ లోపల టెన్షన్‌గానే ఉంది. నా అనుమానాలు ఇవి. చేయకపోతే నిజంగా ఏమవుతుంది? ఒక్కడే కొడుకైతే మినహాయింపు ఉంటుందని ఎక్కడో విన్నాను, నిజమేనా? ఎలాగూ ఆటోమేటిక్ చేస్తున్నారట కదా, అప్పటిదాకా ఊరుకుంటే పోదా? లేదంటే వాడి బదులు నేనే కూర్చుని నింపేసి, ఈ గొడవంతా వాడిదాకా వెళ్లకుండా చూడొచ్చా? ఇంకోటి. మా తోడికోడలి కొడుకు మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. వాడికి 19, హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసాతో వచ్చే వీసా మీద ఉన్నాడు. వాడికీ చేయించాలా?

మేం శాకాహారులం, ఇంట్లో బొద్దింకను కూడా చంపనివ్వను. ఇది లెక్కలోకి వస్తుందా అని అడిగితే మీరు నవ్వుతారేమో. అయినా అడుగుతున్నాను.


కొలంబస్ మూర్తి, ఒహాయో

అమ్మా, ముందు కాస్త మంచినీళ్లు తాగండి. నేను చాలా ఏళ్లు ఒక యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేశాను. ఈ ఉత్తరం పట్టుకుని, మీలాగే కంగారుపడుతూ వచ్చిన తల్లుల్ని కౌంటర్‌కి ఇవతల నుంచి చాలామందిని చూశాను. తండ్రులు వచ్చేవాళ్లు కాదు. వాళ్లు మీటింగుల్లో ఉండేవాళ్లు.

మొదట అసలు విషయం. మీ వాడు అమెరికా పౌరుడు, మగపిల్లాడు, 18 నిండాయి. కాబట్టి నమోదు తప్పనిసరి. పుట్టినరోజు నుంచి 30 రోజుల్లోగా చేయాలని రూలు. ఆలస్యమైనా 26 నిండేలోపు ఎప్పుడు చేసినా తీసుకుంటారు. 26 దాటాక మాత్రం చేస్తానని బతిమాలినా తీసుకోరు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది, దాని గురించి తర్వాత చెప్తాను.

నమోదు అంటే సైన్యంలో చేరడం కాదు. పేరు, పుట్టినతేదీ, అడ్రస్, సోషల్ సెక్యూరిటీ నంబరు ఒక జాబితాలోకి ఎక్కుతాయి, అంతే. మెడికల్ పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. ఈ దేశంలో ఎవరినీ బలవంతంగా సైన్యంలోకి తీసుకోక 50 ఏళ్లు దాటింది. వియత్నాం యుద్ధం చివర్లో, 1973లో డ్రాఫ్ట్, అంటే ఆ బలవంతపు భర్తీ, ఆపేశారు. 1975లో ప్రెసిడెంట్ ఫోర్డ్ నమోదు కూడా ఆపించాడు. 1979 చివర్లో సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్‌లోకి దిగాక, 1980లో ప్రెసిడెంట్ కార్టర్ నమోదును మాత్రం మళ్లీ మొదలుపెట్టాడు. అప్పటి నుంచీ జాబితా ఉంది, డ్రాఫ్ట్ లేదు.

మళ్లీ పెట్టాలంటే ప్రెసిడెంట్ ఒక్కడు అనుకుంటే సరిపోదు. కాంగ్రెస్ చట్టం చేయాలి, దాని మీద ప్రెసిడెంట్ సంతకం పెట్టాలి. ఆ తర్వాత పుట్టినతేదీల మీద లాటరీ తీస్తారు. ఆ ఏడాది 20 నిండేవాళ్లను ముందు పిలుస్తారు. తర్వాత 21, 22 అలా 25 వరకు. అప్పటికీ సరిపోకపోతే 19, అన్నిటికన్నా చివర 18న్నర. అంటే 18 ఏళ్ల వాడు వరసలో ఆఖరున ఉంటాడు. ఇది చెప్తే తల్లులు హమ్మయ్య అనేవాళ్లు. నేను మాత్రం మిగతాదీ చెప్పేవాణ్ని, రెండేళ్లు పోతే వాడే వరసలో మొదట ఉంటాడు అని. వినడానికి బాగుండదు గానీ సగం చెప్పి పంపించడం నాకు నచ్చదు.

ఒక్కడే కొడుకన్న మాట. దీన్ని నమ్మనివాళ్లు మన తెలుగువాళ్లలో నాకు కనబడలేదు. అలాంటి మినహాయింపు లేదమ్మా. కుటుంబంలో తండ్రో, అన్నో, అక్కో సైన్యంలో పనిచేస్తూ చనిపోతే, మిగిలిన కొడుక్కి డ్రాఫ్ట్ సమయంలో ఒక వెసులుబాటు ఉంది. కాంగ్రెస్ ప్రకటించిన యుద్ధంలో అదీ వర్తించదు. ఆ కుర్రాడు కూడా నమోదు మాత్రం చేసుకోవాల్సిందే. ఒక్కగానొక్క కొడుకు అనే మన సెంటిమెంట్‌కి వాళ్ల ఫారంలో గడి లేదు.

ఆటోమేటిక్ సంగతి. మీ మరిది గారు పంపినదాంట్లో ఒక ముక్క నిజం ఉంది. 2025 డిసెంబర్ 18న సంతకమైన రక్షణ శాఖ చట్టంలో, ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్న వివరాలతో మగపిల్లల పేర్లు దానంతట అదే నమోదయ్యేలా పెట్టారు. అమలుకు ఏడాది గడువు ఇచ్చారు. ఆర్మీలోకి లాగేసుకోవడమన్నది మాత్రం వాట్సాప్ వాళ్లు కలిపిన మసాలా. మరి డిసెంబర్ దాకా ఆగొచ్చా అంటే, వద్దు. మీ వాడికి 30 రోజుల రూలు ఇవాళే వర్తిస్తోంది. కొత్త పద్ధతిలో ఎవరి పేరు ఎక్కిందో ఎవరిది జారిపోయిందో తర్వాత వెతుక్కోవడంకన్నా, ఐదు నిమిషాలు కూర్చుని చేసేయడం నయం.

మరి చేయకపోతే? జైలు అని కాగితం మీద ఉంది. 1980ల మొదట్లో, బహిరంగంగా చేయనని ప్రకటించిన ఓ ఇరవై మంది మీద కేసులు పెట్టారు. 1986 తర్వాత అదీ లేదు. ఆ భయం పక్కన పెట్టండి. అసలు దెబ్బ మెల్లగా తగులుతుంది. ఫెడరల్ ఉద్యోగం రాదు. మీ వాడు ఏం చదవబోతున్నాడో రాయలేదు. ఏరోస్పేసో ఇంకోటో అయితే నాసా కూడా ఫెడరల్ ఉద్యోగమేనని గుర్తుపెట్టుకోండి. ఫెడరల్ విద్యార్థి సాయానికి ఈ ముడి 2021-22 నుంచి తీసేశారు. పాత సమాచారం చూసి ఫాఫ్సా (ఆ సాయం కోసం పెట్టే అర్జీ) ఆగిపోతుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. కానీ రాష్ట్రాలవి వేరు. మీ టెక్సస్‌లో రాష్ట్ర ప్రభుత్వ గ్రాంట్ల కోసం దీని గురించి అడుగుతారు. నేను పనిచేసిన రోజుల్లో మా ఒహాయోలో, సొంత రాష్ట్రం కుర్రాడైనా సరే నమోదు చేసుకోకపోతే బయటి రాష్ట్రం ఫీజు పడేది. బిల్లు చూసి ఎగిరి గంతేసినవాళ్లలో సగం మంది అదే కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్‌లో నమోదు చేసుకుని, నంబరు చూపించి, బిల్లు తగ్గించుకుని వెళ్లేవాళ్లు.

హెచ్-4 అబ్బాయికి అక్కర్లేదు. చేయించొద్దు కూడా. వీసా మీద, చెల్లే స్టేటస్‌తో ఉన్నంతకాలం ఈ రూలు వాళ్లకు లేదు. 21కి ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారినా అంతే. కానీ 26 లోపు గ్రీన్ కార్డ్ వస్తే అప్పటి నుంచి 30 రోజుల్లో చేయాలి. గ్రీన్ కార్డ్ అర్జీ ఐ-485 వేసినప్పుడు వివరాలు సెలెక్టివ్ సర్వీస్‌కి వెళ్తాయి. వెళ్లాయిలే అని ఊరుకోకుండా వాళ్ల సైట్‌లో పేరు, సోషల్, పుట్టినతేదీ కొట్టి చూసుకోండి. ఆ అబ్బాయి ఐ-94లు, ఐ-20లు లాంటి వీసా కాగితాలు పారేయొద్దు. రేపు ఎవరైనా అడిగితే, ఆ వయసులో నేను వీసా మీదే ఉన్నాను అని చూపించేవి అవే.

చివరిగా, మీరే నింపేస్తానన్నారు. ఇది నా అభిప్రాయం, చట్టం కాదు. మీరు నింపకండి. 18 ఏళ్లు నిండినవాడు, రేపు ఓటు వేస్తాడు. దేశం తన పేరు ఎందుకు అడుగుతోందో చదివి, తనే టైప్ చేసి, తనే సబ్మిట్ నొక్కాలి. వాడికి తెలియకుండా వాడి పేరు అలాంటి జాబితాలో ఎక్కించడం నాకెందుకో మింగుడుపడదు. చిల్ అన్నాడు కదా, ఆ చిల్‌తోనే కూర్చోబెట్టండి.

శాకాహారం గురించి ఇంకో పోస్ట్‌లో రాస్తాను. అది చిన్నది కాదు.


ఆస్టిన్ కుర్రోడు

మూర్తి గారు పెద్దలు, కానీ ఒకటి అడగాలి. 1986 తర్వాత కేసే లేదని మీరే అంటున్నారు. మరి ఎందుకు చేయాలి? నేను చేయలేదు. ఇప్పుడు 24. ఆకాశం ఏమీ విరిగి మీద పడలేదు. నాకు చంపాలని లేని మనుషుల్ని చంపడానికి నా పేరు ముందే రాసివ్వమంటే నాకు ఒప్పుకోవాలని లేదు.


కొలంబస్ మూర్తి

బాబూ, ఇష్టం లేక చేయకపోవడం వేరు, కేసు పెట్టరులే అని చేయకపోవడం వేరు. మొదటిదైతే నీకు నా దగ్గర గౌరవం ఉంది. మహమ్మద్ అలీ 1967లో హ్యూస్టన్‌లో, అంటే మీ రాష్ట్రంలోనే, పిలిచిన చోటికి వెళ్లి, పేరు చదివినప్పుడు ముందుకు అడుగేయకుండా నిలబడ్డాడు. టైటిల్ పోయింది, కుస్తీ పోటీ లాంటి ఐదేళ్ల శిక్ష పడింది, 1971లో సుప్రీం కోర్టు కొట్టేసేదాకా పోరాడాడు. దాచుకోలేదు. నీది అలాంటి నిర్ణయమైతే, ఫెడరల్ ఉద్యోగం వద్దని కూడా ఇవాళే తెలిసి నిర్ణయించుకో. రెండోదైతే నీకింకా రెండేళ్లు తలుపు తెరిచే ఉంది.


ఎన్నారై బావ, ఎడిసన్

కుస్తీ పోటీ లాంటి శిక్షా? అలీ బాక్సర్ సార్.


కొలంబస్ మూర్తి

ఫోన్‌లో మాటలతో రాయిస్తే ఇలాగే ఏడుస్తుంది. ఐదేళ్ల జైలుశిక్ష అని చదువుకోండి. అప్పీలు నడుస్తుండడంతో జైలుకి వెళ్లలేదు.


గుంటూరు పిన్ని, న్యూజెర్సీ

కేసు లేకపోతే ఏముందిలే అనేవాళ్ల కోసం మా అక్క కొడుకు సంగతి చెప్తాను. మా బావగారి తమ్ముడు ఎప్పుడో వేసిన ఎఫ్-4 పిటిషన్ (తోబుట్టువుల కోసం వేసే గ్రీన్ కార్డ్ అర్జీ) ఇన్నేళ్లకు కదిలి, మా అక్కవాళ్లు మొత్తం కుటుంబం గ్రీన్ కార్డులతో దిగారు. పిల్లాడికి అప్పుడు 22. వచ్చిన వారానికే గ్యాస్ స్టేషన్‌లో పనికి చేరాడు, తర్వాత ట్రక్ లైసెన్స్, తర్వాత సొంత ట్రక్కు. సెలెక్టివ్ సర్వీస్ అనే మాట వాడికి ఎవరూ చెప్పలేదు. వాడు కాలేజీకి వెళ్లలేదు కాబట్టి చెప్పే ఆఫీసు కూడా తగల్లేదు.

29 ఏళ్లకు సిటిజన్‌షిప్‌కి వేశాడు. దాని ఫారం ఎన్-400లో ఈ ప్రశ్న ఉంటుంది. 18కీ 26కీ మధ్య ఇక్కడ ఉన్నారా, ఉంటే నమోదు చేసుకున్నారా, నంబరెంత, తేదీ ఎంత అని. వాడు నిజాయతీగా లేదని టిక్ పెట్టాడు. ఇంటర్వ్యూలో ఆఫీసరు మర్యాదగానే అడిగింది గానీ ఫైలు అక్కడ ఆగిపోయింది. తెలిసి, కావాలని మానేశావా, తెలియక మానేశావా, అది నిరూపించు అన్నారు. తెలియదు అన్నదాన్ని ఎలా నిరూపిస్తాం చెప్పండి! సెలెక్టివ్ సర్వీస్ వాళ్ల నుంచి స్టేటస్ ఇన్ఫర్మేషన్ లెటర్ అని ఒకటి తెప్పించాడు. నాకు చెప్పినవాళ్లు లేరు, ఉత్తరం రాలేదు అని ప్రమాణపత్రం రాసిచ్చాడు. మా అక్క కూడా ఒకటి రాసింది, తెలుగులో రాసి అనువాదం చేయించి. లాయరుకి డబ్బు. ఆఖరికి వచ్చిందనుకోండి. కానీ ఆ నెలలన్నీ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

31 దాటాక వేసినవాళ్లకి సాధారణంగా దీంతో ఇబ్బంది ఉండదట, వెనక్కి చూసే ఐదేళ్లలోకి అది రాదు కాబట్టి. అప్పటిదాకా ఆగి ఉంటే పోయేది అని మా వాడు ఇప్పటికీ అంటాడు. నేనైతే అంటాను, ఎఫ్-4 మీద వచ్చే కుటుంబాల్లో 18 నుంచి 25 మధ్య మగపిల్లాడుంటే ఎయిర్‌పోర్టులో దిగిన వారంలోనే ఇది చేయించండి అని. సోషల్ సెక్యూరిటీ కార్డు ఎంత ముఖ్యమో ఇదీ అంతే.


కొండాపూర్ రిటర్న్

మాది ఇంకో రకం. మా వాడు కాలిఫోర్నియాలో పుట్టాడు, వాడికి మూడేళ్లప్పుడు హైదరాబాద్ వచ్చేశాం. అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు. ఇప్పుడు బీటెక్ మొదటి ఏడాది. ఆ తర్వాత మళ్లీ అమెరికాలో అడుగుపెట్టనివాడికి ఇదేం వర్తిస్తుందిలే అనుకుంటున్నాం. అంతే కదా?


కొలంబస్ మూర్తి

కాదండి. పౌరుడు ఎక్కడున్నా చేసుకోవాలి, కొండాపూర్‌లో ఉన్నా కొలంబస్‌లో ఉన్నా. రెండు దేశాల పౌరసత్వం ఉన్నవాళ్లయినా అంతే. భీమవరం అమ్మగారి అత్తగారికి కూడా ఈ ముక్క చెప్పాలి, పిల్లాడిని అక్కడికి పంపించినా ఈ ఫారం వెంటే వస్తుంది. మీ వాడిలాంటివాళ్లే ఎక్కువ జారిపోతారు. ఎంఎస్‌కి 22 ఏళ్లకు ఇక్కడికి వస్తారు, ఎవరూ అడగరు, 26 దాటిపోతుంది, 30 ఏళ్లకు ఏదో ప్రభుత్వ ల్యాబ్‌లో ఉద్యోగం వస్తుందనగా ఈ ప్రశ్న ఎదురొస్తుంది. సోషల్ నంబరు ఉంటే ఈరోజే ఆన్‌లైన్‌లో చేయించండి.

ఇక శాకాహారం. భీమవరం అమ్మగారూ, నేను నవ్వలేదు. యుద్ధంలో పాల్గొనడం తన మనస్సాక్షికి విరుద్ధం అనేవాళ్లకు ఇక్కడి చట్టంలో చోటుంది. దానికి చర్చికి వెళ్లేవాడే అయి ఉండాలని లేదు. 1965లో, 1970లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పులతో, దేవుడి మీద నమ్మకంతో సమానమైన బలం ఉన్న నైతిక విశ్వాసం కూడా చాలని తేలింది. అయితే మూడు విషయాలు. ఒకటి, నమోదు చేసేటప్పుడు ఈ సంగతి చెప్పడానికి ఫారంలో చోటు లేదు, అభ్యంతరం ఉన్నవాడూ ముందు నమోదు చేసుకోవాలి. డ్రాఫ్ట్ వచ్చి, పిలుపు వచ్చినప్పుడే ఆ అర్జీ. రెండు, ఈ యుద్ధం నచ్చలేదు అంటే కుదరదు, ఏ యుద్ధమైనా తప్పే అని నమ్మాలి. మూడు, ఇంట్లో అమ్మ బొద్దింకను చంపనివ్వదు అన్నది అమ్మ విశ్వాసం. లోకల్ బోర్డు ముందు కూర్చుని చెప్పాల్సింది వాడు. వాడి జీవితంలో అది ఎలా కనబడుతోందో అడుగుతారు. ఒప్పుకుంటే సైన్యం బదులు ఆసుపత్రిలోనో మరోచోటో పౌరసేవ చేయమంటారు. ఆ నమ్మకం నిజంగా ఉన్న కుర్రాడైతే ఇప్పటి నుంచే దాని గురించి రాసుకుని పెట్టుకోవడం మంచిది.


భీమవరం కోడలు

మూర్తి గారూ, వాడు రాత్రి రెండింటిదాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తుపాకీల గేమ్ ఆడతాడు. "కవర్ మీ, కవర్ మీ" అని అరుస్తుంటే పక్కగదిలో మాకు నిద్రుండదు. ఇక బోర్డు ముందు ఏం చెప్తాడు లెండి. ఆ దారి మాకు లేదని అర్థమైంది.

గుంటూరు పిన్ని గారూ, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఈసారి మ్యూట్ తీశారు.


ప్లేనో నాన్న

నాకు ఇద్దరూ కూతుళ్లే, హమ్మయ్య అనుకోవచ్చా? ఆడపిల్లల్ని కూడా కలుపుతారని ఆ మధ్య విన్నాను.


కొలంబస్ మూర్తి

ఇప్పటికి మగపిల్లలకే. 1981లో సుప్రీం కోర్టు, ఆడవాళ్లను యుద్ధంలో ముందు వరసకి పంపరు కాబట్టి ఇలా ఉండడం సరేనంది. ఆ కారణం ఇప్పుడు లేదు, 2015లో అన్ని పోస్టులూ ఆడవాళ్లకు తెరిచారు. 2020లో కాంగ్రెస్ వేసిన కమిషనే ఆడపిల్లల్నీ చేర్చమని చెప్పింది. ఆ తర్వాత బిల్లుల్లో పెట్టడం, ఆఖర్లో తీసేయడం జరుగుతూనే ఉంది. నాకు కూతురుంది, ఆర్మీ రిజర్వ్‌లో నర్సు. వాళ్లను ఎందుకు చేర్చలేదని అడిగేది ఆమె ఒక్కతే మా ఇంట్లో.


మాధవరం సుబేదార్

మా అబ్బాయి దగ్గరికి వచ్చి మిచిగన్‌లో ఉన్నాను. వాడు చూపిస్తే చదివాను. నేను తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వాణ్ని. మిలటరీ మాధవరం అంటే మీ అత్తగారికి తెలిసే ఉంటుందమ్మా, భీమవరానికి ఎంతో దూరం కాదు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి మా ఊరి మగవాళ్లు సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. ఊళ్లో స్తూపం మీద పేర్లున్నాయి. మా నాన్న, నేను, మా తమ్ముడు, ముగ్గురం చేశాం.

ఇండియాలో ఎవరినీ బలవంతంగా సైన్యంలోకి తీసుకోరు. రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వేలమంది వచ్చి, పరుగులో ఓడిపోయి ఏడ్చుకుంటూ పోయేవాళ్లను నేను చూశాను. 2022లో అగ్నిపథ్ పెట్టి నాలుగేళ్లే అన్నప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో గొడవ చేసింది సైన్యంలో చేరాలని ఏళ్లతరబడి కాచుక్కూర్చున్న పిల్లలే. అది మంచి పని అని నేననను, రైళ్లు తగలబెట్టడం ఏం పని. కానీ అక్కడ రానివ్వడం లేదని ఏడుపు, ఇక్కడ పిలుస్తారేమోనని ఏడుపు.

ఇష్టంలేనివాణ్ని పక్కన పెట్టుకుని గస్తీ కాయడం నాకైతే వద్దు. అందుకని బలవంతపు భర్తీ నాకూ నచ్చదు. కానీ ఈ దేశం పాస్‌పోర్టు తీసుకున్నాక ఒక కాగితం మీద పేరు రాయమంటే ఇంత కంగారెందుకో మాత్రం అర్థం కాలేదు. తప్పుగా అనుకోకండి.


భీమవరం కోడలు

బాబాయ్ గారూ, తప్పుగా ఏం అనుకోను. మీరన్నది నిజమే. కానీ మీ అమ్మగారు మిమ్మల్ని మొదటిసారి రైలెక్కించినప్పుడు ఎలా ఉన్నారో ఒకసారి గుర్తుచేసుకోండి. పాస్‌పోర్టు వాడిది. కంగారు నాది.


మాధవరం సుబేదార్

రైల్వేస్టేషన్‌కి రాలేదమ్మా ఆవిడ. నాన్న ఒక్కడే వచ్చాడు. సరే, నీ మాట ఒప్పుకున్నాను.


బెడోక్ శ్రీను, సింగపూర్

మీ గొడవ చూస్తుంటే అసూయగా ఉంది. మాకు ఇక్కడ జాబితా కాదు, అసలు సేవే. నేను ఉద్యోగం మీద పీఆర్ (శాశ్వత నివాస హక్కు) తీసుకున్నాను కాబట్టి నాకు మినహాయింపు. మా వాడికి నా మీద పీఆర్ వచ్చింది కాబట్టి వాడికి లేదు. 16న్నరకు నమోదు, 18కి రెండేళ్ల నేషనల్ సర్వీస్, తర్వాత కూడా 40 ఏళ్ల వరకు మధ్యమధ్యలో పిలుస్తుంటారు. చేయకుండా పీఆర్ వదిలేసి పోతే రేపు వాడు ఇక్కడ చదువుకో ఉద్యోగానికో అర్జీ పెట్టినప్పుడు అది లెక్కలోకి వస్తుంది. పిల్లలకు పీఆర్ పెట్టేముందే మనవాళ్లు రాత్రుళ్లు కూర్చుని దీని గురించి మాట్లాడుకుంటారు. మా వాడు చేస్తున్నాడు. వెళ్లేముందు తన గ్లాసు తాను కడిగేవాడు కాదు, ఇప్పుడు చొక్కా ఇస్త్రీ మడత తేడా వస్తే నాకే చెప్తున్నాడు.


ఎన్నారై బావ, ఎడిసన్

అందరూ జాగ్రత్త. వార్తల్లో యుద్ధం మాట వచ్చినప్పుడల్లా దొంగ మెసేజ్‌లు మొదలవుతాయి. 2020 జనవరిలో ఇరాన్ గొడవప్పుడు "మీరు డ్రాఫ్ట్‌కి ఎంపికయ్యారు, వెంటనే రిపోర్ట్ చేయండి" అని టెక్స్ట్‌లు వచ్చాయి. ఆర్మీ వాళ్లే అవి దొంగవని ప్రకటించాల్సి వచ్చింది. అదే సమయంలో సెలెక్టివ్ సర్వీస్ సైట్ జనం తాకిడికి తెరుచుకోలేదు కూడా. నమోదుకి రూపాయి కట్టక్కర్లేదు. డబ్బులడిగితే దొంగే. లింకులు నొక్కకుండా ఎస్ఎస్ఎస్ డాట్ గవ్ అని మీరే టైప్ చేయండి.


భీమవరం కోడలు

అయిపోయింది. వాడే చేసుకున్నాడు. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను, కీబోర్డు ముట్టలేదు. సబ్మిట్ నొక్కేముందు ఒక్క క్షణం ఆగి, "అమ్మా, నిజంగా పిలిస్తే నేను వెళ్లాలా?" అన్నాడు. అప్పుడు వాడి నోట చిల్ రాలేదు. పిలిస్తే అప్పుడు నువ్వే ఆలోచించుకోవాలి, మేం పక్కన ఉంటాం అన్నాను. సరిగ్గా చెప్పానో లేదో తెలియదు. నొక్కాడు, నంబరొచ్చింది.

ఇంకొక్క అనుమానం మూర్తి గారూ. ఆగస్టులో కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో యూనివర్సిటీ డార్మ్‌కి వెళ్తున్నాడు. అడ్రస్ మార్చాలా, మా ఇంటిదే ఉంచొచ్చా? చదువు మధ్యలో పిలిస్తే కాలేజీ వదిలేయాలా?


కొలంబస్ మూర్తి

అడ్రస్ మారితే 10 రోజుల్లో చెప్పాలని రూలు, 26 నిండే ఏడాది జనవరి 1 వరకు. అదే సైట్‌లో మార్చుకోవచ్చు. డార్మ్‌కి వెళ్లాక మార్పించండి, ఏటా గది మారితే మళ్లీ మార్చాలి, పిల్లలు మర్చిపోయేది ఇక్కడే.

కాలేజీ సంగతి. వియత్నాం రోజుల్లో చదువుతున్నంతకాలం తప్పించుకునే వీలుండేది. డబ్బున్నవాళ్ల పిల్లలు చదువుతూనే ఉండేవాళ్లు, లేనివాళ్ల పిల్లలు వెళ్లేవాళ్లు. దాని మీద గొడవై 1971లో మార్చారు. ఇప్పుడు పిలుపు వస్తే ఆ సెమిస్టర్ అయ్యేదాకా ఆగనిస్తారు, చివరి సంవత్సరమైతే ఆ విద్యాసంవత్సరం పూర్తయ్యేదాకా.

పోస్టులో ఒక రసీదు కార్డు వస్తుంది. 90 రోజుల్లో రాకపోతే సైట్‌లో నంబరు కొట్టి చూసుకుని, ఆ పేజీ ప్రింట్ తీసి వాడి పాస్‌పోర్టు ఉన్న ఫైల్లోనే పెట్టండి. డార్మ్‌కి పంపకండి. అక్కడ సాక్సులే మిగలవు.